యాళ్పాణములో నాలుగు దినములు

లంక యనగానే మన యింటి పెద్దలకు అశోకవనమును, పిల్లలకు క్రికెట్టు ఆటయు జ్ఞప్తికి వచ్చును. ఆ దీవి ఉత్తరపు కొనను యాళ్పాణమను పట్టణమున్నది. లోకము దానిని జాఫ్నా యని పిలుచును. అచ్చట ఇరువదియారేండ్లు యుద్ధము జరిగినదనియు, ఆ యుద్ధము నడుమ ఒక విశ్వవిద్యాలయము ప్రాణము విడువక నిలిచినదనియు మనలో నెందరెరుగుదురు? క్రిందటి సంవత్సరము మాఘమాసమున మేము నలుగురు స్త్రీలము అచ్చటికి పోయి నాలుగు దినములుండి వచ్చితిమి. చూచినదానిలో కొంతయైన సోదరీమణులతో చెప్పుకొననిదే మా మనసు కుదుటబడదు.

మేము విజయవాడలో ఒక చిన్న పఠనమందిరమును నడుపుకొనువారము. మాలో ఇద్దరు ఉపాధ్యాయినులుగా పనిచేసి విరమించినవారు; ఒకరు వైద్యుని భార్య; నాల్గవయామె మద్రాసులో పుట్టిపెరిగినది, తమిళమును తెలుగువలెనే మాటలాడును. ఏబదియేండ్ల క్రిందట ఆమె కళాశాలలో చదువునపుడు వసతిగృహమున ఒకే గదిలో నుండిన యాళ్పాణపు స్నేహితురాలు మమ్ము పిలిచినది. యుద్ధకాలమున ఆ యిద్దరి నడుమ ఏడాదికొక జాబు చేరిన చేరినట్లు, లేకున్న లేదు. జాబు రాని యేడు మా స్నేహితురాలు దీపావళినాడు కొత్తచీర కట్టుకొనెడిది కాదు.

చెన్నపట్టణమునుండి విమానములో గంటకు కొంచె మెక్కువ పట్టినది. సుమారు నలుబదేండ్లు మూతబడియున్న ఈ మార్గము 2019లో మరల తెరువబడినది. నాగపట్టణమునుండి కాంకేసంతురై రేవునకు ఓడ ప్రయాణము కూడ 2023లో ఆరంభమైనది. పలాలి విమానాశ్రయమునుండి పట్టణమునకు పోవు దారిని ఎఱ్ఱనేల, ఉల్లితోటలు, పొగాకుచేలు, ఎటు చూచినను తాటిచెట్లు. నడుమనడుమ కప్పులేని గోడలు నిలిచియున్నవి. లోపల చెట్లు మొలచి కిటికీలగుండ కొమ్మలు చాచినవి. ఆ యిండ్లవారిలో కొందరు కెనడాలో నున్నారట, కొందరు లోకములోనే లేరట.

యాళ్ అనగా పూర్వపు తమిళవీణ. ఆ వీణను వాయించిన అంధగాయకునికి రాజొకడు ఈ భూమిని కానుకగా నిచ్చెననియు, అందువలన నీ పేరు వచ్చెననియు కథ. గాయకునికి భూమి నిచ్చిన కథను తమ యూరి పేరుగా నిలుపుకొన్న జనము విద్యపై మక్కువ గలవారగుటలో వింతలేదు.

మా యాతిథేయి గుమ్మమున నిలిచి "వాంగో, వాంగో" యని పిలుచుచు మా స్నేహితురాలిని కౌగలించుకొని చాలసేపు మాటలాడలేక పోయినది. ఆమెయు ఉపాధ్యాయినియే, ఇప్పుడు విశ్రాంతిలో నున్నది. భర్త లేడు. కుమారుడు విదేశమున స్థిరపడినాడు. కుమార్తె విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము బోధించుచున్నది. పెరటిలో నుయ్యి, మునగచెట్టు, తాటాకు దడి. ఇంటి గోడపై అక్కడక్కడ సున్నముతో పూడ్చిన గుండ్రని మచ్చలు. అవి తుపాకిగుండ్లు చేసిన గుంటలు. పలహారమునకు బియ్యపు పిట్టుతోపాటు తేగలు పెట్టినది! గోదావరి, కృష్ణా తీరములవారమగు మేము తేగలను చూచి చిన్నపిల్లలవలె సంతోషించితిమి. వారు తేగలను చీల్చి యెండబెట్టి పిండిచేసి యేడాది పొడవున వాడుకొందురు. తాటిపండ్ల రసమును చాపలపై నెండబెట్టి మనవలెనే తాండ్ర చేయుదురు. "ఈ చెట్టే లేకున్న యుద్ధములో మేము బ్రదికియుండము, అక్కా" అని యామె యనినది.

ఆ రాత్రి విద్యుచ్ఛక్తి కొంతసేపు పోయినది. అప్పుడామె లోపలినుండి ఒక జామ్ సీసాను తెచ్చి చూపినది. 1990వ సంవత్సరమున ఈ ద్వీపకల్పమునకు విద్యుత్తు ఆగిపోయెను. కిరోసిను, సబ్బు, బ్యాటరీలు, మందులు ప్రభుత్వపు నిషేధముచే నరుదయ్యెను. అప్పుడు గృహిణులు కనుగొన్న దీపమిది. సీసా అడుగున దూది యుంచి, దానిని కొద్ది చుక్కల కిరోసినుతో తడిపి, సన్నని వత్తి వెలిగించెడివారు. సీసాయే గాలికి మరుగు. ఆరేండ్లు ఆ పట్టణపు పిల్లలు ఈ వెలుతురునకే చదివిరి. ఆమె కుమార్తె అక్షరములు దిద్దినదియు దీనికడనే. ఆ కాలముననే ఆమె భర్తకు మధుమేహపు మందు దొరకలేదు. ఈ మాట వినగానే మాలోని వైద్యుని భార్య లేచి వెలుపలికి పోయి చాలసేపు నూతికడ నిలిచినది.

రెండవనాడు పుస్తకాలయమును చూడబోయితిమి. తెల్లని గోపురములతో, ఎదుట సరస్వతీ విగ్రహముతో నది మనోహరముగా నున్నది. 1933లో చెల్లప్పయను విద్యాభిమాని తన యింట కొలది పుస్తకములతో ఆరంభించిన చదువుగదియే దీనికి మొలక. తరువాత పెద్ద భవనము కట్టదలచినపుడు గ్రంథాలయశాస్త్రజ్ఞుడగు రంగనాథన్‌గారు సలహా నొసగిరి. మద్రాసు శిల్పి నరసింహన్ పటము గీసెను. 1959లో తలుపులు తెరచిరి. 1981 మే 31 రాత్రి పోలీసులును వారితోడి దౌర్జన్యపరులును దానికి నిప్పుపెట్టిరి. తొంబదియేడువేల పుస్తకములు, వానితో మరల దొరకని తాళపత్రములును భస్మమయ్యెను. బహుభాషాపండితుడగు డేవిడ్ అను క్రైస్తవ గురువు దూరమునుండి ఆ మంటలను చూచి కుప్పకూలి మరణించెను. ఇప్పుడున్నది మరల కట్టి 2003లో తెరచిన భవనము. గ్రంథాలయోద్యమపు నీడన పెరిగిన మేము ఆ మెట్లపై అడుగిడునపుడు శ్మశానమున నడచినట్లుండెను. కాని లోపల బల్లలయొద్ద బాలికలు కిక్కిరిసి కూర్చుండి పరీక్షలకు చదువుకొనుచున్నారు. మేము చెప్పులచప్పుడు కాకుండ వెనుకకు నడచితిమి.

ఆ కాలిన తాళపత్రముల దుఃఖమునుండియే మరియొక పని పుట్టినది. 2005లో కొందరు యువకులు "నూలహం" అను పేర, అనగా గ్రంథాలయమను పేరనే, తమ ప్రాంతపు పుస్తకములను పత్రికలను చిత్రములుగా తీసి కంప్యూటరులో భద్రపరచ నారంభించిరి. నిప్పంటని గ్రంథాలయమన్నమాట. ఇట్టి పనికి గోడలక్కరలేదు, ఓపిక యక్కర.

పరదేశపు విద్యాసంబంధము ఈ జనులకు కొత్తదికాదు. ఆ సాయంకాలము మమ్ము వట్టుక్కోట్టైకి తీసికొనిపోయిరి. 1823లో అమెరికానుండి వచ్చిన క్రైస్తవ బోధకులు అచ్చట ఉన్నతపాఠశాల నొకదానిని స్థాపించి గణితము, ఖగోళము, తమిళము, ఆంగ్లము బోధించిరి. మరుసటి యేడు ఉడువిల్ గ్రామమున బాలికలకు వసతితోకూడిన పాఠశాల పెట్టిరి. మన తెలుగుదేశమున ఆడపిల్ల చేత పలక పట్టుకొనుటయే తప్పనుకొన్న దినములవి! మద్రాసు విశ్వవిద్యాలయపు మొట్టమొదటి పట్టభద్రులిద్దరును ఈ వట్టుక్కోట్టై శిష్యులే. మన తాతలకు పట్టములిచ్చినదియు నా విశ్వవిద్యాలయమే గదా! ఆ విధముగా వారు మనకు అన్నలు.

కాని ఆ పాఠశాల కథయొక్క చివర వినదగినది. 1855లో అమెరికాలోని పెద్దలు తమ ధనమిక నట్టి చదువునకు వెచ్చింపరాదని నిశ్చయింపగా పాఠశాల మూతబడెను. అడుగువారు లేరు. దానికి విరుద్ధముగా మరియొకటి జరిగినది. గ్రీన్ అను అమెరికా వైద్యుడు మానిప్పాయి గ్రామమున వైద్యవిద్యను తమిళములోనే బోధింపదలచెను. తాను తమిళము నేర్చి, శారీరశాస్త్రమును ప్రసూతిశాస్త్రమును శిష్యులతో కలిసి తమిళమునకు తెచ్చి, పల్లెల కుఱ్ఱవాండ్రను వైద్యులుగా తీర్చెను. ఆయన స్వదేశమునకు పోయిన పిదపకూడ ఆ వైద్యులు ఊళ్లలోనే యుండిరి. అతిథి ఇచ్ఛపై నిలిచినది అతిథితో పోవును. అతిథి నేర్పిపోయినది ఇంట మిగులును. ఈ రెండు కథలను మనసున నుంచుకొనియే మేము మూడవనాడు విశ్వవిద్యాలయమును చూచితిమి.

అది తిరునెల్వేలి యను పేటలో నున్నది. సర్ పొన్నంబలం రామనాథన్‌గారు 1921లో స్థాపించిన పరమేశ్వర కళాశాల స్థలముననే 1974లో దానిని నెలకొల్పిరి. నడుమ శివాలయము, చుట్టును వేపచెట్లు, చెట్లక్రింద సైకిళ్ల బారులు. చీరలు కట్టుకొన్న అధ్యాపికలు సైకిళ్లపై వచ్చుట చూచి మాకు ముచ్చటయైనది. ఈ విద్యాలయమునకు 2011 మొదలు 2017 వరకు ఉపాధ్యక్షపదవిని జీవరసాయన శాస్త్రజ్ఞురాలగు వసంతి అరసరత్నంగారు నిర్వహించిరి. ఆ దేశపు విశ్వవిద్యాలయములలో ఇప్పుడు మగవారికంటె ఆడువారే ఎక్కువగా చదువుచున్నారు.

ఒక మైదానముకడ మా యాతిథేయి మాట తగ్గించినది. మేమే అడిగితిమి. 1987లో శాంతిని నిలుపుటకని మన భారతసైన్యము ఈ గడ్డకు వచ్చినది. ఆ సంవత్సరము అక్టోబరు 11 రాత్రి మన సైనికులు కొందరు ఈ ప్రాంగణమున విమానములనుండి దిగి, ఇంచుమించు దళమంతయు మడిసిరి. పది దినములకు, దీపావళినాడు, మన సైన్యము పట్టణపు పెద్దాసుపత్రిలో ప్రవేశించినపుడు జరిగిన కాల్పులలో రోగులు, వైద్యులు, దాదులు అరువదిమందికి పైగా చనిపోయిరి. అది ఎదురుకాల్పులలో జరిగినదని సైన్యమువారనిరి. ప్రాణము దక్కినవారు కాదనిరి. చనిపోయిన మన సైనికులును తల్లుల బిడ్డలే. ఆ దాదులును తల్లుల బిడ్డలే. మా యాతిథేయి నిష్ఠురమేమియు పలుకలేదు. "మీరు తెచ్చిన పుస్తకములను మా పిల్లలకు మీ చేతులతోనే యిండు" అని మాత్రమనినది. మేము తలలు వంచుకొంటిమి. దీపావళికి జాబు కొరకు ఎదురుచూచిన మా స్నేహితురాలికి ఆ పండుగనాడేమి జరిగినదో అప్పుడు తెలిసినది.

శారీరశాస్త్రశాఖ యెదుట ఒక స్త్రీని గూర్చి విన్నది జన్మములో మరువరానిది. రజని తిరణగమగారు ఈ పట్టణపు బిడ్డ. వైద్యము చదివి, కామన్వెల్తు విద్యార్థివేతనముతో ఇంగ్లండులోని లివర్‌పూల్ పోయి పరిశోధన చేసెను. అచ్చటనే సుఖముగా నుండదగును. ఇద్దరాడుబిడ్డల తల్లి. అయినను 1986లో మరలివచ్చి, వైద్యులు వలసపోవుచున్న కాలమున శారీరశాస్త్రశాఖకు పెద్దయై పాఠములు చెప్పెను. దిక్కులేని స్త్రీలకు ఆశ్రయమగు నొక గృహమునకు తోడ్పడెను. సహాధ్యాపకులు మువ్వురితో కలిసి, ప్రభుత్వపుసేన, భారతసేన, తమిళపులులు అను భేదములేక, ఎవరు జనమును హింసించినను వ్రాసిపెట్టెను. "విరిగిన తాళవృక్షము" అని ఆ గ్రంథపు పేరునకు అర్థము. 1989 సెప్టెంబరు 21న పరీక్షలపని ముగించుకొని సైకిలుపై ఇంటికి పోవుచుండగా ఆమెను కాల్చిచంపిరి. ఆమెకు ముప్పదియైదేండ్లు. పులుల సంస్థవారే చంపించిరని ఆమె కుటుంబమువారును సహచరులును నమ్ముచున్నారు.

సోదరీమణులారా, పరదేశపు విశ్వవిద్యాలయములు యుద్ధపీడిత దేశముల విద్యాలయములతో చేయి కలుపుట నేడు లోకమంతట నున్నది. దానికి నిధులును ఒడంబడికలును గలవు. కాని యా యొడంబడికల వెల యెంతయో మాకు రజనిగారి సైకిలుకథ తెలిపినది. విద్యార్థివేతన మిచ్చుట సులువు. నేర్చినవారు మరలివచ్చి నిలుచుట కష్టము. నిలుచుటకు కావలసినది ధైర్యమొక్కటేకాదు. పనిచేసికొనుటకు గది, పరికరములు, తోడివారు కావలెను.

ఈ మర్మమెరిగి చేసిన పని యొకటి మాకు కనబడినది. స్వీడను దేశమందలి ఉప్సాలా విశ్వవిద్యాలయమువారు 1961 మొదలుకొని బీదదేశముల శాస్త్రశాఖలకు తోడ్పడు కార్యక్రమమొకటి నడుపుచున్నారు. వారి పద్ధతిలో రెండు విశేషములున్నవి. ఒకటి, ఒక మనుష్యునికిగాక పనిచేయు బృందమునకు ఏండ్లతరబడి సాయము చేయుట. రెండవది, విద్యార్థి తన యుద్యోగమును విడువక కొన్నినెల లచ్చటను కొన్నినెల లిచ్చటను ఉండి పరిశోధన ముగించుట. పుట్టింటికి పోయివచ్చు కోడలివలె విద్యార్థి వేరు ఇంటనే యుండును. యాళ్పాణపు జీవరసాయనశాఖకు ఆ కార్యక్రమపు తోడ్పాటు యుద్ధకాలముననే అందినది. అచ్చటివారు కిణ్వములచే పిండిని చక్కెరగా మార్చు విధములను శోధించిరి. మొలకెత్తిన గింజ తియ్యనగుట మనమెరిగినదే. ఆ తీపిని చేయునవి కిణ్వములే. విద్యుత్తులేని పట్టణమున ఇట్టి పని ఎట్లు సాగెనని మేమడుగగా, "మానినచో మరల మొదలుపెట్టుట ఇంకను కష్టము గదా!" అని ఒక ముసలి యాచార్యుడు నవ్వెను.

1995 అక్టోబరు 30న సైన్యము సమీపింపగా లక్షలాది జనము ఒక్కరాత్రి వానలో నీ పట్టణమును విడిచి తూర్పునకు నడచిరి. విశ్వవిద్యాలయమును వారితో తరలినది. మరుసటి యేడు తిరిగివచ్చినది. మా యాతిథేయి కుమార్తెకప్పుడు తొమ్మిదేండ్లు. సంచిలో ఆమె పెట్టుకొన్నవి రెండు: ఒక గౌను, ఒక గణితపుస్తకము.

ఆ బాలిక నేడు సూర్యరశ్మినుండి విద్యుత్తు తీయు విద్యలో పరిశోధకురాలు. తన ప్రయోగశాలకు మమ్ము తీసికొనిపోయినది. తెల్లరంగులలో వాడు టైటానియము పొడిని గాజుపలకపై పొరగా పూసి, దానికి తగిన రంగు పట్టించి, ఎండ తగిలినపుడు విద్యుత్తు పుట్టునట్లు చేయుదురు. లోకమున పెక్కుచోట్ల పూలరంగులతోకూడ నిట్లు చేసి చూచుచున్నారట. గోరింటాకు నూరిన చేతులకు ఈ శాస్త్రము దూరముకాదని మేమనగా ఆమె నవ్వినది. జామ్ సీసా దీపముకడ చదివిన పిల్ల సూర్యుని దీపముచేయు పనిలో నున్నది!

ఈ శాఖకు నార్వే దేశమందలి బెర్గెన్ పట్టణపు విశ్వవిద్యాలయముతో పొత్తున్నది. నార్వేప్రభుత్వపు నిధులతో 2016వ సంవత్సరపు పథకముక్రింద నిది బలపడినది; నడిపినవారిలో ముఖ్యుడు యాళ్పాణమున పుట్టి నార్వేలో ఆచార్యుడైనవాడు. నార్వేవారికి ఈ ద్వీపము కొత్తదికాదు. 2002లో యుద్ధవిరామమును కుదిర్చినది వారే. ఆ సంధి నిలువలేదు. యుద్ధము 2009 మే నెలలో ముగియునప్పటికి ఎనుబదివేలకును లక్షకును నడుమ జనము మడిసిరని అంచనా. సంధి చేయలేని పనిని ప్రయోగశాల కొంత చేయుచున్నదని మాకు తోచినది. ఏలయన, ఈ పొత్తులో యాళ్పాణమొక్కటియే కాదు, సింహళుల నడుమనున్న పేరాదెనియ విశ్వవిద్యాలయమును చేరియున్నది.

"బెర్గెనులో ఏడాదికి రెండువందల దినములకు పైగా వాన, అమ్మా" అని యామె చెప్పసాగెను. "నాకు చలి, నాతో వచ్చిన సింహళపిల్లకును చలి. నాకు సింహళము రాదు, ఆమెకు తమిళము రాదు. మొదటివారము ఎడమొగము పెడమొగముగా నుంటిమి. ఆదివారమునాడు ఇద్దరమును బియ్యముకొరకు ఒకే దుకాణమునకు పోతిమి. ఒక్కటే సంచి మిగిలియున్నది. చెరిసగము పంచుకొని, వండునపుడు ఒకే కుండలో పోసితిమి. ఆమె అన్న సైన్యములో నుండి మరణించెనని తరువాత తెలిసినది. మా తండ్రి సంగతి ఆమెకు చెప్పితిని. ఆ పిమ్మట మేము చాలకాలము ఆ మాట ఎత్తలేదు. కాని పలకలు మాత్రము ఒకరివి ఒకరము కడిగితిమి."

అయితే ఆమె పొగడ్తలే చెప్పలేదు. "విదేశమునుండి పెద్దయంత్రము వచ్చును, పటము తీయుదురు. రెండేండ్లకు చిన్న భాగమొకటి చెడును. అది ఇచ్చట దొరకదు, బాగుచేయువాడు లేడు. యంత్రముపై గుడ్డ కప్పుదుము. పథకము మూడేండ్లది, పరిశోధన పదేండ్లది. ఏమి శోధింపవలెనో ధనమిచ్చువారే నిర్ణయించిన మా నూతులలోని నైట్రేటును గూర్చి ఎవరు చూతురు? అన్నిటికంటె పెద్దది మరొకటి: చదువుకొన్నవారిని తీసికొని పోవుట." 2022లో లంక ఆర్థికముగా కూలినపుడు యుద్ధమునకు బెదరని అధ్యాపకులుకూడ ఎందరో దేశము విడిచిరట. తుపాకి చేయలేనిది బియ్యపుధర చేసినది!

గాయమింకను పచ్చిగానే యున్నది. 2016లో ఈ ప్రాంగణముననే తమిళ సింహళ విద్యార్థులు కొట్టుకొనిరి. యుద్ధపుకడపట మడిసినవారికి విద్యార్థులు కట్టుకొన్న స్మారకమును 2021 జనవరిలో నొకరాత్రి పడగొట్టిరి. నిరాహారదీక్షలు జరుగగా అదే యేడు మరల కట్టిరి. మనవారును ఊరకలేరు. కిళినొచ్చి యుద్ధకాలమున పులుల ముఖ్యపట్టణము. ఇప్పుడచ్చట అరివియల్ నగరమను పేర, అనగా శాస్త్రనగరమను పేర, వెలసినచోట ఇంజనీరింగు వ్యవసాయశాఖలకు భారతప్రభుత్వపు విరాళముతో భవనములు లేచినవి. 1987లో మనము పంపినది సైన్యము. ఇప్పుడు పంపినది ఇటుకలు. ఇటుకలతోపాటు గురువులను పుస్తకములను పంపినచో ఋణము కొంతయైన తీరునేమో.

నాల్గవనాడు మరుదనార్‌మడములోని సంగీతనృత్యశాఖకు పోతిమి. అదియు రామనాథన్‌గారి పేర వెలసి విశ్వవిద్యాలయములో చేరినదే. మేము గుమ్మము చేరునప్పటికి పదిమంది బాలికలు శ్రుతిలో త్యాగరాజస్వామివారి కీర్తన నొకదానిని పాడుచున్నారు. తెలుగు! సముద్రమావల, గుండుదెబ్బలు తిన్న ఊర, మన తల్లిభాష! మేము కన్నీరాపుకొనలేకపోతిమి. పాట ముగియగానే ఉపాధ్యాయిని మమ్ము కూర్చుండబెట్టి, "అమ్మా, మేము తరతరములుగా పాడుచున్నాము, అర్థమును పుస్తకమున చూచి చెప్పుదుము. మీరు పదపదమునకు చెప్పుడు" అని యడిగినది. మేము చెప్పితిమి. ఉచ్చారణ సవరించితిమి. తిరిగి ఒక ప్రయోగము మాకు పట్టుబడక తప్పుగా పాడగా ఆ బాలికలు సవరించిరి. గంటలో ఎవరు గురువులో ఎవరు శిష్యులో తెలియకపోయినది. విశ్వవిద్యాలయముల పొత్తు ఎట్లుండవలెనని పెద్దలు వ్రాయు నివేదికలు మేము చదువలేదు; కాని అది ఇట్లుండవలెనని మాత్రము తెలిసికొంటిమి. ఇచ్చుచేయి పైనను పుచ్చుకొనుచేయి క్రిందను ఉన్నంతకాలము అది దానమే. రెండు చేతులును సమముగా నున్ననాడే అది విద్య.

ఆ రాత్రి భోజనమువేళ తల్లికిని కూతురికిని చిన్న వాదము జరిగినది. కూతురికి పరదేశమునుండి శాశ్వతోద్యోగము నిత్తుమని జాబు వచ్చియున్నది. "పొమ్ము తల్లీ. ఇచ్చట ఎప్పుడేమగునో ఎవరెరుగుదురు? నేను చూచినది చాలును" అని తల్లి. మా వంక తిరిగి, "మీరైన చెప్పుడు, అక్కా" అన్నది. మేమేమి చెప్పగలము? భర్తను మందులేక పోగొట్టుకొన్న తల్లి భయము న్యాయము. రజనిగారు మరలివచ్చి యేమైనదో ఆ యూర ప్రతి తల్లియు నెరుగును. క్షేమముగా నుండవలసిన బిడ్డతో "నిలువుము" అనుటకు మాకెక్కడి అధికారము?

కూతురు కొంచెముసేపు ఊరకుండి పలికినది: "జాబునకు ప్రత్యుత్తరము వ్రాయలేదమ్మా. నా శిష్యురాండ్రిద్దరున్నారు. ఒకతె పరిశోధన ముగింపవచ్చినది. ఒకతె ఇప్పుడే ఆరంభించినది. వారు నిలబడిన పిదప నేను పోయినను గదికి తాళము పడదు. ఈనాడు పోతినా, పడును." తల్లి మారుమాట లేక ఆమె విస్తరిలో ఇంకొక పిట్టు వడ్డించినది.

మేము చూచిన యంతటికి సారము ఆ మాటయందున్నది. పరదేశపు పొత్తుచే ఎన్ని భవనములు లేచినవి, ఎందరు విదేశములు చూచినవారు అని లెక్కింపరాదు. ఒకరు పోయినను తాళము పడని గదులెన్ని మిగిలినవి అని లెక్కింపవలెను. గ్రీన్ వైద్యుడు మిగిల్చినది అట్టి గది. వట్టుక్కోట్టైలో మిగులనిది అదియే.

ఇంట నుండు మనమేమి చేయగలమని అడుగవచ్చును. ఉస్మానియాలోను, ఆంధ్ర విశ్వవిద్యాలయములోను అఫ్గానిస్థానము, యెమెను మొదలగు యుద్ధపీడిత దేశముల విద్యార్థులు చదువుచున్నారు. అఫ్గానిస్థానమున 2022 డిసెంబరునుండి ఆడుపిల్లలకు విశ్వవిద్యాలయపు తలుపులే మూసిరి. అట్టి పిల్లలకు మన యూళ్లలో అద్దెగది దొరకుట ఎంత కష్టమో మనకు తెలియనిదికాదు. ఒక పండుగనాడు వారిని మన పంక్తిలో కూర్చుండబెట్టుకొనుటకు ప్రభుత్వపు ఒడంబడిక అక్కరలేదు. రేపు వారిలో నొకతె తన దేశమునకు మరలి గురువగునేమో. ఆనాడు ఆ గది గోడలలో మన యింటి ఇటుక యొకటి యుండును.

బయలుదేరునపుడు మా యాతిథేయి ఎండిన తేగలమూటను, ఒక జామ్ సీసాను మా చేత నుంచినది. ఆ సీసా ఇప్పుడు మా పఠనమందిరపు బల్లపై నున్నది. దానిలో దూదియు వత్తియు మార్చలేదు. పిల్లలు అదేమని యడిగినపుడెల్ల మేమీ కథ చెప్పుచున్నాము. మొన్న యాళ్పాణమునుండి జాబు వచ్చినది: పెద్ద శిష్యురాలు పరిశోధన ముగించినదట; వచ్చేనెలనుండి పాఠము చెప్పునట. తల్లికూతుళ్ల వాదము మాత్రము ఇంకను తెగలేదట.